పైకి వెళ్ళని గేజి

కొలత చూసే గేజిని తుపాకిలో పెట్టే ముందు ఆయన దాన్ని పెదాల దగ్గరకు తెచ్చుకుని ఒక్కసారి ఊదేవాడు. తర్వాత ఎడమ చేతి చొక్కా అంచుకు ఒక్కసారి తుడిచేవాడు. రోజుకు నలభై తుపాకులు. ప్రతిదానికీ ఒక ఊపిరి, ఒక తుడుపు. ఇరవై రెండేళ్ళుగా అంతే.

"ఇంట్లో ఆవిడ వంక ఇంత ప్రేమగా ఎప్పుడైనా చూశారా?" అని పక్క బల్ల ఫిట్టరు అడిగేవాడు.

"ఆవిడ తుప్పు పట్టదయ్యా," అనేవాడు ఆయన తలెత్తకుండా.

ఆయన పని తుపాకుల ఫ్యాక్టరీలో చివరి తనిఖీ. ఆయన చూసి సరే అన్నాక తుపాకి పెట్టెలోకి, పెట్టె లారీలోకి, లారీ సైన్యంలోకి. సరే అన్నదానికి గుర్తుగా, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టు మీద తన అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. ఆయన అచ్చు మీది అంకె పదిహేడు. పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పదిహేడుగారు. కొత్తగా చేరినవాళ్ళు అది ఇంటిపేరనుకునేవాళ్ళు.

చక్రవర్తి సైన్యం ఓడలెక్కి వెళ్ళిపోయిన ఏడు ఆయనకు పద్దెనిమిదేళ్ళు. తాళాలు బాగుచేసే ఇంట్లో పుట్టాడు. వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన తుపాకులతోనే కొత్త జాతీయ సైన్యం మొదలైంది. మూడు దేశాల తుపాకులు, మూడు రకాల తూటాలు. ఒకడి తూటా పక్కవాడి తుపాకిలో పట్టదు. ఎడమ సంచిలో ఒక రకం, కుడి సంచిలో ఒక రకం పెట్టుకుని సిపాయిలు తడుముకునేవాళ్ళు. తాళాలు తెలిసినవాళ్ళు కావాలన్నారని ఆయన వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు ఆ పాత తుపాకులకు మాట్లు వేశాడు. ఆ తర్వాత దేశం తన సొంత తుపాకి చేసుకుంది. కాగితాల మీద దాని పేరు ఐదో నమూనా. దానితో పాటు పొట్టి బాయినెట్టు, గుడ్డ బెల్టు, రెండు తూటాల సంచులు, తుపాకి మడమలో దాచుకునే నూనె సీసా, గొట్టం తుడుచుకునే తాడు. అన్నిటికీ ఒకే కొలత, అందరికీ ఒకే తూటా. మొదటి తుపాకి తయారైన రోజున దాన్ని తనిఖీ చేసిన నలుగురిలో ఆయనొకడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే కాదనేవాడు కాదు. ఎవరూ ఎత్తకపోతే తనే ఎత్తేవాడు.

తనిఖీకి రెండు గేజిలు. రెండూ వేలెడంత ఉక్కు ముక్కలు, తూటా ఆకారంలో ఉంటాయి. ఒకటి రెండోదానికంటే వెంట్రుకవాసి పొట్టి. పొట్టిదాన్ని అల్లుడనేవాళ్ళు, పొడుగుదాన్ని దొంగ అనేవాళ్ళు. అల్లుణ్ణి తూటా గదిలో కూర్చోబెడితే బోల్టు హాయిగా మూసుకోవాలి. దొంగను పెడితే మూసుకోకూడదు. అల్లుడికి మూసుకుని దొంగకు మూసుకోకపోతే ఇల్లు సరిగ్గా కట్టినట్టు. తుపాకి పరీక్షంతా ఇంతే.

ఒక్కటే చిక్కు. గేజి కూడా ఉక్కే, అదీ అరుగుతుంది. అల్లుడు చిక్కిపోతే ఇరుకు గదిలో కూడా తలుపు మూసుకుంటుంది. తనిఖీవాడు సరే అంటాడు. తర్వాత అసలు తూటా వచ్చినప్పుడు తలుపు పడదు. అందుకని నెలకోసారి గేజిని మేడ మీది గేజి గదికి పంపాలి. అక్కడ అసలు కొలతతో పోల్చి చూసి, గేజితో పాటు వచ్చిన కార్డు మీద సంతకం పెట్టి పంపుతారు.

ఆ గేజి గదికి పెద్ద ఎవరో కాదు, ఆయన బావమరిదే.

భార్యకు తోడబుట్టినవాడు. చదువు మధ్యలో మానేసి తిరుగుతుంటే ఆయనే ఫ్యాక్టరీకి తెచ్చాడు. మర ఏ వైపు తిప్పితే బిగుస్తుందో ఆయనే చెప్పాడు. అతను సాయంత్రాలు చదువుకుని పరీక్షలు రాసి, పదేళ్ళలో మెట్లెక్కి మేడ మీద కూర్చున్నాడు. ఆయన కింద బల్ల దగ్గరే ఉన్నాడు. "మావాడే, నేనే తెచ్చాను," అని అందరితో అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలేది. అది ఆయన ఎవరితోనూ అనలేదు.

పది నెలల కిందట ఒకసారి గేజి తీసుకుని ఆయనే పైకి వెళ్ళాడు. అక్కడ మరో నలుగురు ఉన్నారు. బావమరిది అల్లుణ్ణి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"బావగారూ, ఇది అరిగిందండి. ఇంక పనికిరాదు. కొత్తది ఇస్తాను."

"నిన్నటిదాకా బాగానే ఉందే."

"చొక్కాకు తుడుస్తారు కదండీ. మీరు పొద్దున మెరుగు పెట్టే షెడ్డులోంచి నడిచి వస్తారు. చొక్కాకు పట్టిన ఆ దుమ్ము ఆకురాయిలాంటిది. మెత్తటి తోలు గుడ్డ ఇస్తాను, దాంతో తుడవండి."

అతను నెమ్మదిగానే చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. కానీ నలుగురిలో చెప్పాడు. వాళ్ళలో ఒకడు నవ్వాడు. అన్నేళ్ళ ఆ ఊపిరి, ఆ తుడుపు ఒక్క మాటతో తప్పయిపోయాయి. ఆయన కొత్త గేజి తీసుకున్నాడు, తోలు గుడ్డను బల్ల మీదే వదిలేశాడు. మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి.

ఆ వారంలోనే బావమరిది ఇంట్లో భోజనానికి పిలిచారు. కంచం ముందు కూర్చున్నాక ఆయన, "నా చెయ్యి కొలిచేవాళ్ళ ఇంట్లో నాకు ముద్ద దిగదు," అని లేచిపోయాడు. వడ్డించినది వడ్డించినట్టే ఉంది. మర్నాడు భార్య ఒక్కతే తమ్ముడి ఇంటికి వెళ్ళి, "మీ బావని నలుగురిలో కొలవడానికి నువ్వెంతవాడివిరా? అన్నం పెట్టిన చేతికే కొలబద్ద పెడతావా?" అని చెడామడా దులిపి వచ్చింది.

తర్వాతి నెల ఆయన కార్డును బంట్రోతు చేత పైకి పంపాడు. కార్డు మాత్రమే. గేజి బల్ల సొరుగులో ఉంది. బావమరిది ఏం చేస్తాడో చూద్దామనుకున్నాడు. గేజి ఏదని మనిషిని పంపితే నాలుగు మాటలు అనడానికి సిద్ధంగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా కార్డు సంతకంతో తిరిగొచ్చింది. ఆయనకు ఆ రోజు భోజనం రుచిగా ఉంది.

రెండో నెలా అంతే. మూడో నెలకు అది అలవాటయింది. తొమ్మిది నెలలు కార్డు మెట్లెక్కి దిగింది. గేజి మాత్రం కింది బల్ల దాటలేదు. ఊపిరి, తుడుపు యథాప్రకారం నడిచాయి.

ఒక మంగళవారం సైన్యం లారీ వచ్చింది. అందులోంచి ఆయుధాల మేస్త్రీ దిగాడు. పటాలంలో తుపాకులు బాగుచేసే మనిషి, కళ్ళజోడుకు దారం కట్టుకున్నాడు. పదకొండు తుపాకులు తెచ్చి తనిఖీ బల్ల మీద వరసగా పరిచాడు.

"పదిహేడంటే ఎవరండి?"

"నేనే."

"ఈ పదకొండూ మీవే. కొన్ని తూటాలకు బోల్టు పడడం లేదు. కాస్త పొడుగ్గా వచ్చిన తూటా అయితే అంతే, ఇరుక్కుంటోంది."

"తూటాల తప్పేమో చూశారా?" అన్నాడు మేనేజరు. అప్పటికే పరుగున వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూశామండి. అవే తూటాలు వేరే నంబరు తుపాకుల్లో హాయిగా పడుతున్నాయి." ఆయుధాల మేస్త్రీ ఒక తుపాకి ఎత్తి చూపించాడు. దాని మడమ చీలి ఉంది. "ఇది ఏటి ఒడ్డు కాపలాది. ఐదో తూటా దగ్గర బోల్టు పడలేదట. మడమ నేలకేసి కొట్టాడు, కాలితో తన్నాడు. అవతల కాల్చేవాడు ఆగుతాడా?"

"మనిషి ఏమయ్యాడు?" అన్నాడు మేనేజరు.

"ప్రాణం దక్కింది. కుడి చెయ్యి తీసేశారు."

ఆయన ఆ బోల్టు వైపు చూశాడు. పదిహేడు అంకె శుభ్రంగా, నిటారుగా పడి ఉంది. ఎప్పుడూ అచ్చు వంకరగా కొట్టేవాడు కాదు.

ముగ్గురూ మేడ ఎక్కారు. ఆ గొడవ తర్వాత ఆయన ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. బావమరిది లేచి నిలబడ్డాడు. అల్లుణ్ణి అందుకుని కొలిచాడు. ఈసారి ఒక్కసారే కొలిచాడు.

"ఎంత?" అన్నాడు మేనేజరు.

"చాలా అరిగిందండి. ఎప్పుడో తీసేయాల్సింది."

"కార్డేదీ?" మేనేజరు కార్డు తిప్పాడు. "తొమ్మిది సంతకాలు. ఎవరివి?"

"నావేనండి."

"ఒక్క నెలలో ఇంత అరగదు కదా. పోయిన నెల ఏం చూసి పెట్టావు?"

బావమరిది ఒకసారి బావ వైపు చూశాడు. చూసిన మరుక్షణమే చూపు బల్ల మీదికి దించేశాడు.

"సంతకం నాదేనండి," అన్నాడు మళ్ళీ.

"ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి చేతికి చచ్చిన గేజి ఇచ్చావు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?" మేనేజరు ఈ వైపు తిరిగాడు. "ఏమంటారు పదిహేడుగారూ? పైనుంచి సరే అనే కదా మీకొచ్చింది?"

కింద మరల చప్పుడు నేలలోంచి కాళ్ళకు తెలుస్తోంది.

"కార్డు మీద అలాగే ఉందండి," అన్నాడు ఆయన.

అందులో అబద్ధం లేదు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. తేలు కుట్టిన దొంగ ఎలా నిలబడతాడో ఆయనకు అప్పుడు తెలిసింది. ఏమీ జరగనట్టే నిలబడతాడు.

మేనేజరు అక్కడికక్కడే తేల్చేశాడు. గేజి గది పెద్దను పనిలోంచి ఆపేశారు. ఒక్క నెలలో ఇంత అరగదని తనే అన్నా, పోయిన నెల తనిఖీ దాకా గేజి బాగానే ఉందని కార్డు మీద ఉంది కాబట్టి ఈ ఒక్క నెల పెట్టెలు వెనక్కి రప్పిస్తే చాలునన్నాడు. ఆయుధాల మేస్త్రీ పెట్టెల నంబర్లు రాసుకున్నాడు. పొద్దుపోయింది, రేపు పొద్దున్నే బయలుదేరతానన్నాడు.

ఆయన ఇంటికొచ్చేసరికి వార్త ముందే వచ్చింది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, తమ్ముణ్ణి ఆపేశారటగా. గేజి సరిగ్గా చూడలేదటగా."

"ఊఁ."

"వాడు చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదే. చిన్నప్పుడు పలక మీద గీత వంకరపోతే ఏడ్చేవాడు."

ఆయన చెప్పులు విడిచాడు. ఒకటి బోర్లాపడితే వంగి సరిచేశాడు.

"మీరు పంపిందే కదండీ వాడు చూసింది?"

పాతికేళ్ళ కాపురంలో ఆవిడకు ఆయన మౌనాలన్నీ తెలుసు. అలసట మౌనం వేరు, అలక మౌనం వేరు. ఇది ఆ రెండూ కాదు.

"పంపలేదా?"

"కార్డు పంపాను."

ఆవిడ గోడకు ఆనుకుంది. "నేనే అన్నాను వాణ్ణి," అంది. "నువ్వెంతవాడివిరా అని నేనే అన్నాను. ఇంకేం అడుగుతాడు మిమ్మల్ని?" కొంగుతో మొహం తుడుచుకుని, విడిచిన చెప్పుల వైపు చూపించింది. "తొడుక్కోండి. పదండి."

బావమరిది ఇంట్లో తలుపు అతనే తీశాడు. "రండి బావగారూ," అని ఎప్పటిలాగే తన కుర్చీ ఇచ్చి తను పీట లాక్కున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడం ఆయన చేసిన పనులన్నిట్లోకీ కష్టమైంది. బావమరిది భార్య మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. వచ్చారా అని అడగలేదు.

"నాదే తప్పు బావగారూ," అన్నాడు అతను. "తొమ్మిది నెలలు కార్డే వచ్చింది, గేజి రాలేదు. గేజి ఏదండీ అని ఒక్క మాట అడగాలి. మీ కంచం గుర్తొచ్చేది. పోనీలే, బావ చెయ్యి తప్పదు అనుకున్నాను. మొదటి నెల భయంగానే ఉంది. తర్వాత అదీ పోయింది."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదురా?" అంది అక్క.

"ఏం చెప్పను? బావ పంపలేదని చెబితే, రాకుండానే సంతకం పెట్టానని కూడా చెప్పాలి. పైగా బావగారికి ఇంకో మూడేళ్ళే ఉంది సర్వీసు. నాకు వయసుంది, ఇంకెక్కడైనా మర తిప్పుకుంటాను. నేను చెప్పను బావగారూ. మీరు నిశ్చింతగా ఉండండి."

అప్పుడు వద్దు అనాలి. వద్దురా, రేపు నేనే చెబుతాను అనాలి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూద్దాం," అన్నాడు.

బావమరిది భార్య కంచాలు పెట్టింది. ఎవరూ కాదనలేకపోయారు. ఆయన కూర్చున్నాడు, కలిపాడు, తిన్నాడు. ముద్ద దిగింది. పది నెలల కిందట అభిమానానికి అడ్డుపడిన గొంతు ఈ రోజు అడ్డుపడలేదు.

"ఇంకాస్త వడ్డించనా అన్నయ్యగారూ?" అందామె. "ఈసారి తింటున్నారుగా."

"ఊరుకో," అన్నాడు భర్త.

"నేనేమన్నాను? పెట్టనా అన్నాను."

ఆయన భార్యకు తుపాకుల సంగతి ఏమీ తెలియదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఈ నెలవి వెనక్కి రప్పిస్తున్నారట కదరా?"

"అవునక్కా. వంద పెట్టెలు."

"గేజి వెళ్ళనిది తొమ్మిది నెలలు కదా. మిగతావి ఎక్కడున్నాయి?"

మగవాళ్ళిద్దరూ కంచాల్లోకి చూశారు. ఇద్దరికీ మధ్యాహ్నం నుంచీ తెలుసు. ఒకరికి తెలుసన్న సంగతి రెండోవాళ్ళకూ తెలుసు. ఉద్యోగం గురించి, సర్వీసు గురించి, తప్పు ఎవరిదన్న దాని గురించి అంతసేపు మాట్లాడుకున్నారు. ఆ పెట్టెల దగ్గరకు మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

"ఎక్కడున్నాయిరా?"

"సిపాయిల దగ్గర," అన్నాడు తమ్ముడు.

ఆవిడ చెయ్యి కడుక్కుంది. ఆయన కంచంలో మిగిలినది మిగిలినట్టే ఉంది. ఆయన లేచాడు, ఈసారి కోపంతో కాదు. బావమరిది భార్య ఆ కంచం తీసింది.

మర్నాడు సైరను మోగకముందే ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఆవరణలో లారీ ఇంకా ఉంది. ఆయుధాల మేస్త్రీ పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఆయన పక్కన నిలబడి, అతను తుడుచుకునేదాకా ఆగాడు.

"ఈ నెల పెట్టెలు సరిపోవండి," అన్నాడు. "తొమ్మిది నెలలవీ రప్పించాలి."

ఆయుధాల మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కార్డు ఉందిగా."

"కార్డే ఉంది. గేజి పైకి వెళ్ళలేదు. నేను పంపలేదు."

"ఎందుకు పంపలేదు?"

ఆయన చెప్పబోయాడు. నలుగురిలో అన్న మాట, కంచం, తోలు గుడ్డ. నోటిదాకా వచ్చాక అవన్నీ ఎంత చిన్నవో ఆయనకే వినిపించింది.

"పౌరుషం," అన్నాడు.

అతను తిట్టలేదు. "చెయ్యి పోయినవాడికి నేను ఇవాళ సాయంత్రం కనపడాలి," అన్నాడు. "సరే, పదండి."

మేనేజరు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. విని, తలుపు వేయించాడు. "నిన్ననే కాగితం పూర్తయిందండీ. ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు? మీ గౌరవం, మా గౌరవం."

"తొమ్మిది వందల పెట్టెలండి," అన్నాడు ఆయన.

"నిన్న ఎందుకు చెప్పలేదు మరి?"

ఆయన సిగ్గుపడుతూనే అక్కడ నిలబడ్డాడు.

"గేజి గది ఆయన్ని కూడా పిలిపించండి," అన్నాడు ఆయుధాల మేస్త్రీ. "ఎవరి తప్పు ఎంతో తర్వాత తూచుకోండి. నాకు ముందు పెట్టెల నంబర్లు కావాలి. దూరపు సైనిక ఠాణాలకు మధ్యాహ్నంలోగా తంతి వెళ్ళాలి."

ఆయన కిందికి వెళ్ళి తన రోజువారీ రిజిస్టరు తెచ్చాడు. పరీక్షించిన ప్రతి తుపాకీ ఏ పెట్టెలోకి వెళ్ళిందో అందులో ఆయన చేతిరాతతోనే ఉంది. మేనేజరు గదిలో ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు. బయట వరండాలో బల్ల ఒకటి ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నాడు. ఆయుధాల మేస్త్రీ ఎదురుగా కాగితాలు సర్దుకున్నాడు. సైరను మోగింది. జనం లోపలికి వస్తూ వాళ్ళవైపు చూసి వెళ్తున్నారు.

బావమరిది వచ్చాడు. బంట్రోతు దారిలోనే చెప్పినట్టున్నాడు. మొహం పాలిపోయి ఉంది. ఎక్కడ నిలబడాలో తెలియక మెట్టు మీద ఆగాడు. ఆయన బల్ల మీద కాస్త జరిగి చోటు చేశాడు, రిజిస్టరును ఇద్దరికీ కనపడేలా తిప్పాడు.

"నేను చదువుతాను," అన్నాడు. "తప్పు చదివితే ఆపు. ఇక్కడే, అందరిముందే ఆపు."

బావమరిది కూర్చున్నాడు.

ఆయన మొదటి నెల తెరిచి మొదటి పెట్టె నంబరు చదివాడు. ఆయుధాల మేస్త్రీ రాసుకున్నాడు. ఆయన రెండోది చదివాడు.